మధ్యాహ్నం చెప్పాల్సిన మేలు

ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు స్కూలు వాచ్‌మన్ పాల కోసం గేటు తీశాడు. బయట ఆగి ఉన్న మా లారీలను చూసి మళ్ళీ మూసేశాడు. లోపలికి వెళ్ళి చొక్కా తొడుక్కుని వచ్చి, ఈసారి రెండు తలుపులూ బార్లా తెరిచాడు.

"పాలు వస్తాయనుకున్నాను, ఫౌజు వచ్చింది" అన్నాడు హిందీలో. మాలో ఒకరిద్దరు నవ్వారు.

అది కోల్‌కతాలో, ఏక్‌బాల్‌పూర్ పక్కన ఒక ప్రైమరీ స్కూలు. తుఫాను ఊరు దాటి ఒక పగలు గడిచింది. మే నెల. గాలి బొత్తిగా లేదు. ఉక్క. ఆకాశం కడిగినట్టుంది. కింద చూస్తే రోడ్డు కనిపించలేదు. నిద్రగన్నేరు చెట్లు, తురాయి చెట్లు వేళ్ళతో సహా లేచి అడ్డంగా పడి ఉన్నాయి. వాటి కింద కార్లు, రిక్షాలు, స్తంభాలు, తీగలు.

మాది సైన్యంలో ఇంజనీరు కంపెనీ. అందులోంచి ఒక దళాన్ని ఇక్కడికి పంపారు. రెండు లారీలు, ఒక జీపు, నాలుగు పెట్రోలు రంపాలు, గొడ్డళ్ళు, గునపాలు, తాళ్ళు. ఒక్కొక్కరికి మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, చేతులకు రబ్బరు తొడుగులు, హెల్మెట్. ఉత్తర్వు చిన్నది. చెట్లు కోయాలి. దారి తెరవాలి. కరెంటు తీగ కనిపిస్తే ఆగాలి. కరెంటు వాళ్ళు వచ్చి లైను డెడ్ అని చెప్పాకే రంపం పెట్టాలి. ఈ చివరి మాట మా సుబేదార్ సాబ్ హిందీలో, తెలుగులో, తమిళంలో చెప్పాడు.

యుద్ధం చూశారా అని మా పేటవాళ్ళు నన్ను అడుగుతారు. మంచు ఉన్న చోట్ల పనిచేశాను. కాల్పులు వినపడే చోట్ల కూడా చేశాను. అడిగితే వాటి గురించి చెబుతాను. అడగకపోయినా గుర్తొచ్చేది మాత్రం ఈ డ్యూటీ. హుగ్లీ నదికి ఇవతల ఈ డ్యూటీ, అవతల మా ఇల్లు.

నేను పుట్టింది అవతల సంత్రాగాఛిలో, రైల్వే క్వార్టర్స్‌లో. తాత సోంపేట వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చాడు. నాన్న యార్డులో పాయింట్స్‌మన్. బళ్ళు పట్టాలు మారే చోట నిలబడి చేసే పని. మా చుట్టూ తెలుగు క్రైస్తవులు చాలామందే ఉన్నా ఎక్కువగా ప్రొటెస్టెంట్లు. కథోలికులం కొద్ది ఇళ్ళవాళ్ళం. మాకు త్రికాల జపం ఉంటుంది. పొద్దున, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం. దేవదూత మరియమ్మకు కబురు చెప్పిన సంగతి తలుచుకుని, మూడు మంగళవార్త జపాలు చెప్పి, చిన్న ప్రార్థనతో ముగించాలి. నాలుగైదు నిమిషాల పని. నాన్న దాన్ని యార్డులో పచ్చజెండా చంకలో పెట్టుకుని చెప్పేవాడు.

దానికి నాన్న ఒక సొంత నిబంధన కలిపాడు. జపం అయ్యాక ఒక మేలు చెప్పాలి. దేవుడు చేసిన మేలు. పోయిన జపానికీ ఈ జపానికీ మధ్య జరిగిందే అయి ఉండాలి. పాతది చెల్లదు. ప్రాణం ఇచ్చాడు, అన్నం పెడుతున్నాడు అని గంపగుత్తగా చెప్పినా చెల్లదు. చిన్నప్పుడు నేను "లెక్కల మాస్టారు రాలేదు" అని చెప్పాను. నాన్న ఒప్పుకున్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. నాన్న పోయినా నేను ఆ నిబంధన మానలేదు. సియాచిన్‌లో ఉన్నప్పుడూ మానలేదు. అక్కడ మేలు దొరకడం కష్టం కాదు. కాలి వేళ్ళు లెక్కపెట్టుకుంటే చాలు.

స్కూలుకు చేరిన రోజే పని మొదలైంది. నాకు ఒక రంపం ఇచ్చారు. నేను హవల్దారును. నాతో కొమ్మలు లాగే నలుగురు జవాన్లు, ఒక రేడియో ఆపరేటరు. రేడియో ఆపరేటరు హోదా నాయక్, నాకంటే ఒక మెట్టు కింద. టెక్కలి పక్కన పల్లె వాడు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. అతని పని సెట్టు వీపున మోస్తూ, మేము ఎంత దూరం తెరిచామో సుబేదార్ సాబ్‌కు చెప్పడం. ఖాళీగా ఉన్నప్పుడు కొమ్మలు లాగమని ఎవరూ చెప్పలేదు. అతనే లాగేవాడు.

పన్నెండుకు నేను రంపం ఆపాను. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని రోడ్డు అంచున నిలబడ్డాను. నా రంపం ఆగేసరికి మిగిలినవాళ్ళు ఏదో తీగ కనిపించిందనుకుని వాళ్ళ రంపాలూ ఆపేశారు. వీధి మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమైంది. రేడియోలో సుబేదార్ సాబ్ గొంతు వచ్చింది.

"ఏమప్పా, మిషన్లన్నీ ఆగినాయి. తీగ ఉందా? ఓవర్."

ఆపరేటరు నన్ను చూశాడు. నేను సిలువ గుర్తు వేసుకుంటున్నాను.

"తీగ నేదు సాబ్. హవల్దార్ సాబ్ పూజలో ఉన్నారు. ఓవర్."

రేడియో గరగరమంది. తరువాత సుబేదార్ సాబ్ అన్నాడు: "ఎంతసేపు? ఓవర్."

"నాకేటి తెలుసు సాబ్. మాదైతే టెంకాయ కొట్టీసి వొచ్చీడమే. ఓవర్."

సాయంత్రం సుబేదార్ సాబ్ నన్ను పిలిచాడు. ఆయనది అనంతపురం జిల్లా. నుదుట విభూతి లేకుండా ఆయనను ఎవరూ చూడలేదు. తిడతాడనుకున్నాను. "చూడప్పా, మిషన్లు పొద్దున నుంచి తిరుగుతాండాయి. నడిమధ్యాన్నం పది నిమిషాలు చల్లారబెడితే మంచిదే. నువ్వు పన్నెండుకు ఆపు. నిన్ను చూసి అందరూ ఆపుతారు. నీళ్ళు తాగుతారు. ఆయిలు పోసుకుంటారు. నువ్వు నీ పని చూసుకో" అన్నాడు. మర్నాటి నుంచి అది మా దళానికి ఉత్తర్వు అయింది. పన్నెండు గంటల విరామం.

రెండో మధ్యాహ్నం ఆపరేటరు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. నా బూట్ల వంక చూశాడు.

"ఏటి గురూ, జోళ్ళేసుకునే దండమెట్టీసుకుంటావా?"

"డ్యూటీలో ఉన్నానురా. దేవుడేమీ అనుకోడు."

"మీ గుడికెళ్తే?"

"గుడికెళ్తే గుమ్మంలోనే విప్పుతాం."

"మరి ఇక్కడున్నోడూ ఆడే గదా. అక్కడొకలాగ, ఇక్కడొకలాగ ఏటది?" అన్నాడు. "సరే, నువ్వు సీనియరువి, నీకు సెప్పకూడదు. నీ బదులు నేను విప్పుతాను."

రోడ్డు పక్క గట్టు మీద కూర్చుని రెండు బూట్లూ లాగేశాడు. తొడుగులు కూడా తీసి బూట్లలో కుక్కాడు. సెట్టు వీపున అలాగే ఉంది. ఉత్తకాళ్ళతో నా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదట వేళాకోళం అనుకున్నాను. కాదు. అతనికి అది మర్యాద. ఎవరి దేవుడైనా, దండం పెడుతున్న చోట కాళ్ళకు ఏమీ ఉండకూడదు. అంతే. ఆ రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం అలాగే చేశాడు. చెమటకు లోపల కాళ్ళు నానిపోయి బూట్లు రావడానికి మొరాయించేవి. తిట్టుకుంటూ లాగేవాడు. తిట్టడం అయ్యాక చేతులు కట్టుకునేవాడు.

మేలు సంగతి అతనికి చెప్పడం నా పొరపాటేమో తెలియదు. జపం తరువాత నేను పెదవులు కదపడం చూసి ఏమిటని అడిగాడు. చెప్పాను.

"అయితే సెప్పు. ఇయ్యాల పొద్దుటేల మేలేటి?"

"చైను తెగలేదు."

"అది మేలా? అది మన ఆకురాయి గొప్ప. నేను అరగదీసినాను. మీ దేవుడు శానా సవగ్గా పేరు కొట్టీస్తన్నాడు గురూ."

ఇంకో రోజు చెట్టు తొర్రలోంచి పాము వచ్చి నా బూటు మీదుగా వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం నేను నోరు తెరవకముందే "పాము, పాము. ఇది ఒప్పుకుంటాను" అన్నాడు. రేడియోలో కూడా చెప్పేశాడు. "ఇయ్యాల్టి మేలు పాము సాబ్. ఓవర్." "కాటేసిందా? ఓవర్." "వెయ్యనేదు గనకే మేలు సాబ్. ఓవర్." తరువాత తరువాత సుబేదార్ సాబే జపం అయ్యేవేళకు అడిగేవాడు: "ఏమప్పా, మేలేంది ఈ పొద్దు? ఓవర్." మిగిలిన జవాన్లు నీళ్ళు తాగుతూ వినేవారు. నేను కథోలికుణ్ణి, వాళ్ళలో ఇంకెవరూ కాదు. అయినా ఆ మేలు మొత్తం దళానిది అయిపోయింది. పొద్దున పనిలో ఏదైనా మంచి జరిగితే ఎవరో ఒకరు "మధ్యాహ్నానికి దొరికింది" అనేవాళ్ళు.

మొదటి వారం బడ్జ్ బడ్జ్ రోడ్డు మీద చేశాం. అక్కడి నూనె డిపో నుంచి ట్యాంకర్లు రావాలి. ఆసుపత్రులు జనరేటర్ల మీద నడుస్తున్నాయి. డీజిలు లేకపోతే ఆగిపోతాయి. జనపనార మిల్లుల గోడల వెంబడి రోడ్డు నది పక్కగా వెళ్తుంది. పెద్ద చెట్లు. ఒక్కొక్కదానికి సగం పూట. ట్యాంకర్లు కదిలిన సాయంత్రం డ్రైవర్లు హారన్లు కొట్టుకుంటూ పోయారు. ఆ రోజు మేలు వెతుక్కోనక్కర లేకపోయింది.

ఇల్లు దగ్గరే. రెండో హుగ్లీ వంతెన దాటితే అరగంట. సెలవు అడగలేదు. ఎవరూ అడగలేదు. ఫోను సిగ్నలు వచ్చిన పూట నా భార్య మాట్లాడింది. "రేకులు ఎగిరిపోనాయి, పక్కింటి దాదా టార్పాలిను కట్టించినాడు, మేం బాగున్నాం, నువ్వు తిన్నావా?" అంది. నేను తిన్నానన్నాను. లైను తెగిపోయింది.

రెండో వారం మమ్మల్ని ఏక్‌బాల్‌పూర్ లోపలి సందుల్లోకి పంపారు. అక్కడ రోడ్లు సన్నం. ఇళ్ళ మీద ఇళ్ళు. రేవులో పనిచేసేవాళ్ళు, రకరకాల ఊళ్ళవాళ్ళు. తుఫాను వచ్చి అన్ని రోజులైనా కరెంటు లేదు. కరెంటు లేదు గనుక మోటార్లు లేవు. మోటార్లు లేవు గనుక మేడల మీది ట్యాంకుల్లో నీళ్ళు లేవు. జనం బిందెలతో మా ట్యాంకరు చుట్టూ మూగేవారు. కోపంగా ఉండేవారు. మా మీద కాదు. ఎవరి మీద పడాలో తెలియని కోపం.

ఆ రోజు సందు ఇది. మొదట్లో వెడల్పు, చివర సన్నం. మధ్యలో ఒక ముసలి నిద్రగన్నేరు చెట్టు పడి, రెండు ఇళ్ళ ముందు వాకిళ్ళను కప్పేసింది. చెట్టు కింద ఒక స్తంభం విరిగింది. తీగలు కొమ్మల్లో చిక్కుకుని అవతలి ఇంటి రేకు మీద పడి ఉన్నాయి. చీలమండల దాకా నీళ్ళు. డ్రెయిను పొంగిన నీళ్ళు. ఆ రెండిళ్ళవాళ్ళూ తుఫానుకు ముందే బంధువుల దగ్గరికి వెళ్ళిపోయారని పక్కవాళ్ళు చెప్పారు.

మామూలుగా కరెంటు వాళ్ళ కోసం పదకొండు దాకా కూర్చునేవాళ్ళం. ఆ రోజు వాళ్ళు ఏడున్నరకే వచ్చారు. టెస్టరు పెట్టి చూశారు. సందు మొదట ఫ్యూజులు లాగేశారు. లైన్ డెడ్ అన్నారు. అది నిజం. అప్పటికి ఆ తీగలో ఏమీ లేదు. వాళ్ళ ముందే నేను రంపం పెట్టాను.

పన్నెండుకు ఆపాను. అందరూ ఆపారు. ఆపరేటరు ఒక అరుగు మీద కూర్చుని బూట్లు లాగాడు. తొడుగులు బూట్లలో పెట్టాడు. నా పక్కన నిలబడ్డాడు. మొదటి మంగళవార్త జపం మధ్యలో వెనక మేడ మీద ఎక్కడో ఒక జనరేటరు స్టార్టయింది. మా జవాన్లలో ఒకడు "ఎవడో మారాజు, ఫ్యాను కింద కూచుంటాడు ఇంక" అన్నాడు. ఇంకొకడు "మోటారు కోసం అయ్యుంటాది, నీళ్ళు ఎక్కించుకుంటున్నారు" అన్నాడు. ఆ రెండోవాడు చెప్పిందే నిజమని తరువాత తెలిసింది.

మూడో జపంలో ఉన్నాను. ఆపరేటరు చెయ్యి పైకెత్తాడు. అరచెయ్యి తెరిచి, మెడ ఒక పక్కకు వంచి. నీళ్ళు తాగుతున్నవాళ్ళు ఆగిపోయారు. రెండో చేత్తో సెట్టు చప్పుడు తగ్గించాడు. అప్పుడు నాకూ వినపడింది. చెట్టు అవతల నుంచి, ఆడగొంతు, చాలా సన్నగా. "కేఉ ఆఛో? కేఉ ఆఛో?" ఎవరైనా ఉన్నారా అని అడుగుతోంది. గట్టిగా కాదు. చాలా రోజులుగా అడుగుతున్న గొంతు.

పొద్దున నుంచీ అడుగుతూనే ఉండి ఉంటుంది. రంపాల మోతలో మాకు వినపడలేదు.

నా జపం ఆగింది. ఆపరేటరు సెట్టు విప్పి అరుగు మీద పెట్టేశాడు.

"నువ్వు కానియ్ గురూ" అన్నాడు. "నేను సూసొస్తాను."

కొమ్మల కింద నుంచి దూరి అవతలికి వెళ్ళాడు. ఉత్తకాళ్ళు, ఉత్తచేతులు. నీళ్ళలో అతని అడుగుల చప్పుడు వినపడింది. నాకు మిగిలింది రెండు వాక్యాలు. ముగించాను. సిలువ గుర్తు వేసుకున్నాను. అవతల అతని గొంతు వినపడింది. "మాసీ, బోయ్ నేయ్, బోయ్ నేయ్." పిన్నీ, భయం లేదు అని. బెంగాలీ అతనికి అంతే వచ్చు. తరువాత కిటికీ ఊచలు పట్టుకుని లాగిన చప్పుడు. అంతే. అరుపు లేదు.

ఏం జరిగిందో కరెంటు వాళ్ళు తరువాత చెప్పారు. వెనక మేడలో జనరేటరును ఇంటి వైరింగుకే నేరుగా కలిపారు. మెయిన్ స్విచ్చి దింపలేదు. అది ఇంటి మోటారుతో పాటు వీధి తీగకు కూడా వెనక్కి కరెంటు పంపింది. తీగ రేకు మీద ఉంది. రేకు కిటికీ ఊచలకు ఆనుకుని ఉంది. అతను నీళ్ళలో నిలబడి ఊచలు పట్టుకున్నాడు.

నేను కొమ్మల కింద నుంచి అవతలికి దూరి, గొడ్డలి కర్రపిడితో అతని చేతులు ఊచల నుంచి విడగొట్టాను. ఎవరో పరుగెత్తి జనరేటరు ఆపించారు. అరుగు మీద పడుకోబెట్టి గుండె నొక్కాను. సుబేదార్ సాబ్ వచ్చాడు. ఆయన నొక్కాడు. తరువాత డ్రైవరు నొక్కాడు. అంబులెన్సు సందు మొదట ఉంది. మేమే తెరిచిన దారి. మోసుకెళ్ళాం. ఆసుపత్రిలో డాక్టరు గడియారం చూసి టైము చెప్పాడు. ఒంటి గంట అయిదు.

ముసలామెను జవాన్లు వెనక గోడ పగలగొట్టి తీశారు. చెక్క మంచం మీద ఉంది. కాళ్ళు చచ్చుబడిన మనిషి. ఇంటివాళ్ళు తీసుకెళ్ళారని పక్కవాళ్ళు అనుకున్నారు. పక్కవాళ్ళు చూసుకుంటారని ఇంటివాళ్ళు అనుకున్నారు. మంచం పక్కన అటుకుల డబ్బా, ఒక బిందె. బిందె అడుగున నీళ్ళున్నాయి. బతికింది.

బూట్లుంటే బతికేవాడా అని కరెంటు మనిషిని అడిగాను. చెప్పలేనన్నాడు. బూట్లు తడిసి ఉంటే అంతేనన్నాడు, తడవకుండా ఉంటే ఏమోనన్నాడు.

సాయంత్రం స్కూలుకు వచ్చాం. ఎవరూ తినలేదు. వంటవాడు అన్నం వార్చి మూత పెట్టి కూర్చున్నాడు. ఆరింటికి సుబేదార్ సాబ్ వరండాలోకి వచ్చాడు.

"ఏమప్పా, సాయంత్రం జపం ఉందా నీకు?"

"ఉంది సాబ్."

"చెప్పు. మేమూ నిలబడతాం." జవాన్ల వైపు తిరిగి అన్నాడు: "బూట్లు ఎవరూ విప్పొద్దు. ఇది ఆర్డరు."

స్కూలు ఆవరణలో అందరం బూట్లతో నిలబడ్డాం. జపం చెప్పాను. గొంతు మామూలుగానే వచ్చింది. నాకు ఏమీ అనిపించలేదు. ఏడుపు రాలేదు. చెయ్యి ఎత్తాలంటే ఎత్తాను, దించాలంటే దించాను. జపం అయింది. ఎవరూ కదల్లేదు. వాళ్ళు మేలు కోసం చూస్తున్నారని అర్థమైంది. మామూలుగా ముందు అడిగే ఆపరేటరు లేడు. ఇంకెవరూ అడగలేదు.

"ముసలామె బతికింది" అన్నాను.

డ్రైవరు కోపంగా చూశాడు. "అంతేనా హవల్దార్ సాబ్? దానికీ దీనికీ సరిపోయిందా?"

"సరిపోయిందని అనలేదు."

"మరి?"

"బతికింది అన్నాను. అంతే అన్నాను."

సుబేదార్ సాబ్ "చాల్లేరా, పోయి తినండి" అన్నాడు. ఎవరో నలుగురు తిన్నారు.

శవాన్ని విమానంలో విశాఖకు, అక్కడి నుంచి ఊరికి పంపారు. వెంట సుబేదార్ సాబ్ వెళ్ళాడు. ఆ సందు ఇంకా సగం మిగిలింది. నేనే పూర్తి చేశాను. పన్నెండుకు రంపం ఆపుకోమన్నాడు కొత్తగా వచ్చిన నాయబ్ సుబేదారు. ఆపాను. జపం చెప్పాను. మళ్ళీ రంపం పట్టుకున్నాను.

డ్యూటీ ముగిశాక నాలుగు రోజుల సెలవు ఇచ్చారు. వంతెన దాటి సంత్రాగాఛి వచ్చాను. నా భార్య తలుపు తీసి "ఏటిలా అయిపోనావు?" అంది. రేకుల మీద టార్పాలిను ఇంకా ఉంది. నేను ఎక్కి సరిచేశాను. సాయంత్రం ఇద్దరం జపం చెప్పాం. మేలు ఆమె చెప్పింది. "నువ్వు వొచ్చినావు" అంది. నేను తల ఊపాను.

శనివారాల్లో తెలుగు కథోలికులం ఒక ఇంట్లో కలుసుకుంటాం. పాటలు, సాక్ష్యం, చివర జపమాల. సాక్ష్యమంటే, దేవుడు చేసిన మేలును ఒకరు లేచి అందరికీ చెప్పాలి. నడిపేది ఉపదేశి తాత. నలభై ఏళ్ళుగా ఆయనే. ప్రార్థనలు నేర్పింది మాకూ ఆయనే, మా తరువాతి వాళ్ళకూ ఆయనే. నేను వెళ్ళేసరికి సంగతి అందరికీ తెలుసు. నా భార్య ఒకరికి చెప్పింది, ఆ ఒకరు అందరికీ చెప్పారు. కథ అప్పటికే తయారై ఉంది. త్రికాల జపం కోసం రంపం ఆపినందువల్ల ముసలామె గొంతు వినపడింది, జపం ఒక ప్రాణం కాపాడింది.

"లేచి సెప్పు నాయనా" అన్నాడు ఉపదేశి తాత. "అందరికీ బలం వస్తాది."

లేచాను.

"మధ్యాహ్నం జపం కోసం రంపం ఆపాం. ముసలామె గొంతు వినపడింది. ఆమె బతికింది. దేవుడికి స్తోత్రం" అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. నేను కూర్చోలేదు.

"జపం కోసం రంపం ఆపాం. మా ఆపరేటరు జపం కోసం బూట్లు విప్పాడు. అతను చచ్చిపోయాడు" అన్నాను.

ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఉపదేశి తాత, "ఆ పిల్లోడు ఆవిడ కోసం ప్రాణమిచ్చినాడు నాయనా. అలాగ కలిపి సెప్పు" అన్నాడు.

"అతను ఇవ్వలేదు తాతా. చూసొస్తానని వెళ్ళాడు."

"అయినాగానీ..."

"రెండూ జరిగాయి తాతా. రెండూ నిజమే. నేను కలపలేను. కలిపితే రెండిట్లో ఒకటి అబద్ధమైపోతుంది."

ఆయన నా వంక చూశాడు. "దేవుడు మంచోడు కాదంటావా?" అన్నాడు. గద్దించలేదు. తెలుసుకోవాలని అడిగాడు.

"మంచివాడే" అన్నాను. "అది కూడా విడిగానే చెబుతున్నాను."

ఆయన కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. "కూకో" అన్నాడు. తరువాత జపమాల మొదలుపెట్టాడు. యేసు పడిన బాధలను తలుచుకునే దుఃఖ రహస్యాలు శనివారానివి కావు. అయినా వాటినే చెప్పించాడు.

ఇంకో మూడేళ్ళు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు రేవు దగ్గర ఒక గోదాములో సెక్యూరిటీ పని. ఆదివారం పూజకు వెళ్తాను. ఫాదరు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనకు వెళ్తాను. నవంబరులో మృతుల పండుగకు అతని పేర పూజ చెప్పిస్తాను. మొదటి ఏడు మా ఫాదరు పేరు రాసుకుంటూ ఆగి, "హిందువా?" అని అడిగాడు. అవునన్నాను. "సరే" అని రాసుకున్నాడు. ఏ ప్రార్థనలోనూ నాకు పెద్దగా ఏమీ అనిపించదు. అనిపించాలని ఎక్కడా చెప్పలేదు. చెప్పమన్నారు, చెబుతున్నాను. నాన్నకు యార్డులో బళ్ళ మధ్య నిలబడి ఏం అనిపించేదో నేనెప్పుడూ అడగలేదు.

పొద్దున మేలు చెబుతాను. సాయంత్రం మేలు చెబుతాను. ముసలామె ఇంకా నాలుగేళ్ళు బతికిందని తెలిసిన రోజు అదే చెప్పాను.

ఒక్క సంగతి సాక్ష్యంలో చెప్పలేదు. ఆ మధ్యాహ్నం జపం మొదలుపెట్టేసరికే నేను మేలు సిద్ధంగా ఉంచుకున్నాను. అతను ఒప్పుకునే మేలు. ఆకురాయి గొప్పేనని అనడానికి వీల్లేనిది. కరెంటు వాళ్ళు ఏడున్నరకే వచ్చారు, లైన్ డెడ్ అని చెప్పారు, ఎదురుచూపులు లేకుండా పని మొదలైంది. అది చెప్పబోతున్నాను. మూడో జపం అయ్యాక చెప్పాలి.

కళ్ళు మూసుకుంటే వచ్చేది ఆసుపత్రి కాదు, ఊచలు కాదు. అంతకు ముందరి క్షణం. బురదనీళ్ళ అంచున ఉత్తకాళ్ళతో నిలబడి, అరచెయ్యి పైకెత్తి, మెడ వంచి వింటున్న మనిషి. మేమందరం అతని చేతిని చూస్తూ ఊపిరి బిగబట్టి ఉన్నాం. ఇంకా అతనికేమీ కాలేదు.

మధ్యాహ్నం జపం ఇప్పటికీ చెబుతాను. గోదాము గేటు దగ్గర, పన్నెండుకు. జపం తరువాత మేలు చెప్పడం మాత్రం, ఆ పూటకు, మానేశాను.